పన్ను తీసిన గుంటలో నిలవాల్సిన గడ్డ

పన్ను తీయించుకున్నాక నోటికి నెత్తురు రుచి తగలగానే ఎవరికైనా ఉమ్మివేయాలనిపిస్తుంది. చేయకూడని పని సరిగ్గా అదే. డాక్టరు ఇచ్చే చీటీలో ‘ఉమ్మవద్దు’ అని ఉంటుందే గాని, ఎందుకన్నది సాధారణంగా ఉండదు. పన్ను ఊడిన చోట దవడ ఎముకలో మిగిలిన గుంట ముందుగా రక్తంతో నిండుతుంది. అందులోని ప్లేట్‌లెట్లు ఒకచోట చేరగా, ఫైబ్రిన్ అనే ప్రొటీన్ పోగులు వాటి చుట్టూ వలలా అల్లుకుని, ముదురు ఎరుపు రంగులో మెత్తటి గడ్డ కడుతుంది. చూడటానికి కడిగి పారేయవలసిన మురికిలా ఉన్నా, అడుగున ఉన్న ఎముకనూ నరాల కొసలనూ కప్పి ఉంచేదీ, కొత్త కణజాలం పెరగడానికి ఆధారమయ్యేదీ, ఉమ్మితే ఊడిపోగలిగేదీ అదే. గాజుగుడ్డను అరగంట నుంచి ముప్పావుగంట దాకా గట్టిగా కొరికిపట్టి ఉంచమనడం అందుకే. మధ్యలో తీసి చూసుకుంటే, అప్పుడే కడుతున్న గడ్డ గుడ్డకు అంటుకుని ఊడి వచ్చేస్తుంది.

మొదటి రోజు ఉమ్మి ఎర్రగా కనిపించినంత మాత్రాన కంగారు పడనక్కరలేదు, ఎందుకంటే కొద్దిపాటి నెత్తురు కలిసినా లాలాజలమంతా రంగు మారుతుంది. నోరు నిండేలా కారుతూ, మళ్లీ గాజుగుడ్డ కొరికిపట్టినా ఆగకపోతే మాత్రం డాక్టరును కలవాలి.

గడ్డ ఊడిపోయినా, అకాలంలో కరిగిపోయినా ఎముక బయటపడుతుంది. 1896లోనే వైద్య పత్రికల్లోకి ఎక్కిన ఈ స్థితిని ‘డ్రై సాకెట్’ అంటారు. తగ్గుముఖం పట్టిన నొప్పి రెండో రోజో మూడో రోజో తిరగబెట్టి, చెవి దాకా లాగుతూ, నోటి దుర్వాసన కూడా తోడైతే దీన్ని అనుమానించాలి. మాత్రలు మింగుతూ ఓర్చుకోవడం కంటే, గుంటను కడిగించుకుని మందు పెట్టించుకుంటే త్వరగా ఉపశమనం కలుగుతుంది. కింది దవడ జ్ఞానదంతాలు తీసినప్పుడు ఇది ఎక్కువ. పొగతాగేవారికి ముప్పు రెండు విధాలుగా ఉంటుంది: పీల్చేటప్పుడు నోటిలో పుట్టే లాగుడు గడ్డను కదిలిస్తుంది, నికోటిన్ రక్తనాళాలను కుదించి గుంటకు రక్తం అందకుండా చేస్తుంది. స్ట్రాతో తాగవద్దనడానికి కారణం కూడా ఆ లాగుడే.

మొదటి 24 గంటలు పుక్కిలించకూడదు. ఆ తర్వాత ఉప్పు కలిపిన గోరువెచ్చని నీటిని నోటిలో మెల్లగా అటూ ఇటూ తిప్పి, ఉమ్మకుండా దానంతట అదే జారిపోయేలా తల వంచితే చాలు. తక్కిన పళ్లను యథావిధిగా తోముకోవచ్చు. మత్తు దిగేలోపు తింటే బుగ్గను కొరుక్కున్నా తెలియదు కనుక స్పర్శ తిరిగి వచ్చేదాకా ఆగాలి.

పన్ను తీయకముందే చెప్పవలసిన సంగతి ఒకటుంది. రక్తం పలచబడే మందులు వాడేవారు వాటిని సొంతంగా ఆపితే గుండెకో మెదడుకో ప్రమాదం రావచ్చు. ఎముకల బలానికి బిస్‌ఫాస్ఫోనేట్లు వాడేవారిలో అరుదుగా దవడ ఎముక మానకుండా చచ్చుబడుతుంది. ఈ రెండింటిలో ఏది వాడుతున్నా దాని పేరు కుర్చీలో కూర్చోకముందే డాక్టరుకు చెప్పాలి.