హైడన్ ‘జోక్’ క్వార్టెట్: అపోహలు - వాస్తవాలు

నేను స్ట్రింగ్ క్వార్టెట్‌లో వయోలా వాయిస్తాను. రెండు వయొలిన్లు, వయొలిన్ కంటే కాస్త పెద్దదైన ఒక వయోలా, నేలకు ఆనించి వాయించే పెద్ద ఒక చెల్లో, అంతే మా బృందం. కొత్తగా వినేవాళ్లకు నేను ముందు ఆస్ట్రియా స్వరకర్త హైడన్ 1781లో రాసిన ఓపస్ 33 అనే ఆరు క్వార్టెట్ల (ఇలా నలుగురు వాయించే రచనల) సంపుటిలో రెండోది, ‘జోక్’ వినిపిస్తాను. ఈ సంగీతం మీద ఉన్న చాలా అపోహలకు జవాబు అందులోనే దొరుకుతుంది.

అపోహ: ఇది దర్బారు సంగీతం. బిగుసుకుని కూర్చుని వినాలి, నవ్వకూడదు.

వాస్తవం: హైడన్ ఎస్టర్‌హాజీ ప్రభువుల కొలువులో ఉన్నమాట నిజమే. కానీ ఈ ఆరు క్వార్టెట్లను వియన్నాలో ఆర్టారియా సంస్థ అచ్చువేసి అమ్మింది. వాటిని కొన్నవాళ్లలో చాలామంది ఇంట్లో నలుగురు కూడి వాయించుకునేవాళ్లే.

ఇక నవ్వు సంగతి. ‘జోక్’ అనే పేరు హైడన్ పెట్టింది కాదు, చివరి భాగం వల్ల తర్వాత వచ్చింది. గంతులేస్తున్నట్టుండే చిన్న ట్యూన్ ఒకటి మాటిమాటికీ తిరిగొస్తుంది. ఇక అయిపోతుందనుకుంటుండగా ఏదో ఘోరం జరిగినట్టు నాలుగు బార్ల (మన ఆవర్తాల్లాంటివి) అడాజియో, అంటే బాగా నెమ్మది నడక. ఆ తర్వాత అదే ట్యూన్ నాలుగు ముక్కలుగా వస్తుంది, మధ్యమధ్యలో నిశ్శబ్దం. నాలుగో ముక్క అయ్యాక ఇంకా పెద్ద నిశ్శబ్దం. హాల్లో ఎవరో ఒకరు చప్పట్లు మొదలుపెడతారు. అప్పుడు మేం మొదటి ముక్కను గుసగుసలా మళ్లీ వాయించి, అక్కడితో ఆపేస్తాం. మన కచేరీలో మృదంగం తీర్మానం మూడోసారి పడిందంటే అయిపోయిందని అందరికీ తెలుసు. హైడన్ అలాంటి నమ్మకంతోనే ఆడుకున్నాడు.

అపోహ: ఫస్ట్ వయొలిన్ హీరో, మిగతా ముగ్గురూ పక్కవాద్యాలు.

వాస్తవం: మూడో భాగమైన లార్గోను (చాలా నెమ్మదిగా సాగేది) మొదలుపెట్టేది వయోలా, చెల్లో మాత్రమే. అప్పుడు వయొలిన్లు రెండూ ఊరుకుంటాయి. (నాకు ఈ భాగం ఎందుకిష్టమో వేరే చెప్పాలా?) 1784లో వియన్నాలో జరిగిన ఒక విందులో హైడన్, డిటర్స్‌డార్ఫ్ వయొలిన్లు, వాన్‌హాల్ చెల్లో వాయించారని (ఈ ఇద్దరూ కూడా స్వరకర్తలే) గాయకుడు మైకేల్ కెల్లీ రాశాడు. వయోలా పట్టుకున్నది మొజార్ట్! మరుసటి ఏడాది ఆయన ఆరు క్వార్టెట్లు హైడన్‌కు అంకితమిచ్చి అచ్చువేయించాడు.

అపోహ: మనలా జారు వేయడం వాళ్లకు తెలియదు.

వాస్తవం: రెండో భాగం మధ్యలో ఫస్ట్ వయొలిన్ ఒకే వేలితో జారుతూ వాయించాలి. ఏ వేలు వాడాలో చెప్పే ఆ గుర్తులు హైడన్ రాసినవే. కొందరు పెద్దమనుషుల్లా దాన్ని శుభ్రంగా వాయించేస్తారు. నా లెక్కలో అది తప్పు, అక్కడ కాస్త తూలాలి.

అపోహ: అంతా కాగితం మీదే ఉంటుంది, వాయించేవాళ్లు చేసేదేమీ లేదు.

వాస్తవం: చివర్లో వచ్చే ఆ పెద్ద నిశ్శబ్దం ఎన్ని బార్లో రాసే ఉంటుంది. అయితే ఆ సమయంలో నలుగురిలో ఒక్కరు విల్లు కదిపినా, నోట్స్ వైపు చూసినా జనానికి తెలిసిపోతుంది. అందుకే రిహార్సల్‌లో కదలకుండా కూర్చోవడం కూడా ప్రాక్టీస్ చేస్తాం. కండక్టర్ ఉండడు కాబట్టి మళ్లీ ఎత్తుకోవడానికి ఫస్ట్ వయొలిన్ ఊపిరే సైగ. దాన్ని కూడా దాచాలి, అదొక టెన్షన్.

యూట్యూబ్‌లో వినేట్టయితే ఫోన్ బోర్లా పెట్టి వినండి. ఇంకా ఎంత మిగిలిందో కింద ఎర్రగీత ముందే చెప్పేస్తుంది.