బిషప్ వెంట ఎన్ని గుర్రాలు?

మధ్యయుగపు ఐరోపాలో బిషప్‌కు, అంటే ఒక ప్రాంతపు చర్చిలన్నిటికీ పెద్దకు, కొన్ని పనులు తప్పవు. గురువులకు (చర్చి పూజారులకు) పట్టాభిషేకం, భద్రమైన అభ్యంగనం (బాప్తిస్మం పొందినవారిని తైలంతో విశ్వాసంలో స్థిరపరిచే సంస్కారం), కొత్త గుడి ప్రతిష్ఠ, పవిత్ర గురువారం నాడు తైలాల ఆశీర్వాదం ఆయన చేతుల మీదుగానే జరగాలి. పల్లెలో ఒక విచారణ (ఒక చర్చి పరిధి) చూసే గురువుకు ఆ అధికారం లేదు.

ఇంకోవైపు ఆయన పెద్ద భూస్వామి. నార్మన్ల ఇంగ్లండులో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ (బిషప్‌లపై పెద్ద) రాజుకు 60 మంది నైట్లను, అంటే గుర్రపు యోధులను, సమకూర్చాలి. అంత బలగం చేతిలో ఉన్నవాడి ఎంపికను రాజు ఊరికే వదులుతాడా? బిషప్ పదవికి గుర్తులైన ఉంగరం, దండం ఎవరివ్వాలని పోపుకూ జర్మన్ చక్రవర్తికీ మధ్య నడిచిన తగవు 1122లో వర్మ్స్ ఒప్పందంతో తెగింది. అవి చర్చి ఇస్తుంది, భూములు చక్రవర్తి ఇస్తాడు. అయితే జర్మనీలో ఎన్నిక జరిగేది మాత్రం చక్రవర్తి సమక్షంలోనే, కాబట్టి ఆయన మాట చెల్లుతూనే వచ్చింది. మతాధికారి రక్తం చిందించకూడదని నియమం. అయినా ఫ్రాన్సులోని బోవే బిషప్ ఫిలిప్ 1214లో బువీన్ యుద్ధానికి గద పట్టుకుని దిగాడు!

జనానికి ఈ హోదా బరువు తెలిసేది తనిఖీ పర్యటనలప్పుడు. వచ్చిన పరివారానికి తిండి, గుర్రాలకు మేత స్థానిక చర్చే పెట్టాలి. చాలా రోజుల గ్రాసం ఒక్క పూటలో ఊడ్చుకుపోతోందని, గుడి నగలు అమ్ముకోవాల్సి వస్తోందని 1179లో రోములో పోపు జరిపిన చర్చి పెద్దల సభ, మూడవ లాటరన్ మహాసభే ఒప్పుకుంది. బిషప్ వెంట 20, మహా అయితే 30 గుర్రాలకు మించకూడదని, వేటకుక్కలు, డేగలు తేవద్దని కట్టడి చేసింది. బిషప్‌కు కనీసం 30 ఏళ్లుండాలన్నదీ ఆ సభ నిబంధనే.

తనిఖీ ఎలా సాగేదో ఫ్రాన్సులోని రువాఁ ఆర్చిబిషప్ యూడ్ రిగో 1248 నుంచి 1269 దాకా రాయించిన దినచర్యలో కనిపిస్తుంది. మఠంలో సన్యాసులెందరు, ఉపవాసం పాటిస్తున్నారా, మాంసం తింటున్నారా, అప్పెంత, రావలసిందెంత అన్నీ అడిగేవాడు. విచారణకు కొత్తగా ప్రతిపాదించిన గురువు చేత లాటిన్ చదివించి అర్థం చెప్పించేవాడు. తప్పితే పదవి లేదు. తాగుడు, పాచికలు, ఆడవాళ్లతో సంబంధాల ఫిర్యాదులుంటే, మళ్లీ దొరికితే విచారణ పదవి వదులుకుంటానని ఆ గురువు చేత ముందే రాయించుకునేవాడు. అది చేతిలో ఉంటే తొలగింపు సులువు. అయినా అవే తప్పులు తర్వాతి తనిఖీల్లోనూ కనిపిస్తాయి.

అడ్డంకి పైనుంచీ వచ్చేది. 1253లో పోపు తన బంధువుకు ఇంగ్లండులోని లింకన్ కథీడ్రల్లో (బిషప్ ప్రధాన చర్చిలో) పదవి ఇవ్వమంటే, అక్కడి బిషప్ రాబర్ట్ గ్రోస్‌టెస్ట్ కుదరదని జవాబు రాశాడు.