జ్వరం పోయినా లేవలేని నీరసం: అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో ఫిజియోథెరపీ చేస్తూ నేను చాలా ఏళ్లు ఒక్క మందునే నమ్మాను: కదలిక. మోకాలి ఆపరేషన్ అయినా, పక్షవాతమైనా "ఇంకో పది అడుగులమ్మా" అనడమే మా పని. ఆ మాటతో ఒక మనిషిని మంచానికి చేర్చాకే కొన్ని విషయాలు తెలిసొచ్చాయి.

అపోహ: "పండుకుంటే పెయ్యి మొద్దుబారుతది, నడిపిస్తే అదే సెట్ అయితది."

ఆ మనిషి చీరలకు ఆసు పోసే ఆమె, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో తిప్పుతుంది. చీర ఒక్కదానికి చెయ్యి వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. డెంగీ వచ్చి తగ్గింది, ప్లేట్‌లెట్లు ఎప్పుడో పెరిగాయి. ఎనిమిది నెలలైనా గిన్నెలు తోమితే కూర్చుండిపోతోంది. నేను పది నిమిషాల నడకతో మొదలుపెట్టి వారానికి ఐదు నిమిషాలు పెంచమన్నాను. మొదటి వారం నవ్వుకుంటూ వచ్చింది. మూడో వారం ఆమె రాలేదు, భర్త వచ్చాడు. "మీరు నడిపిచ్చినంక ఇంకింత పడిపోయింది మేడం, బాత్రూంకు గూడ పట్టుకపోవాల్సి వస్తుంది." తప్పు ఆమెది కాదు, నా చీటీది.

ఈ జబ్బును మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్ లేదా క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అంటారు, పొట్టిగా ఎంఈ/సీఎఫ్ఎస్. దీని అసలు గుర్తు నీరసం కాదు, శ్రమ తర్వాత వచ్చే దెబ్బ. అదీ అప్పుడే రాదు, చాలామందికి 12 నుంచి 48 గంటలు ఆగి వస్తుంది. సద్దుల బతుకమ్మ నాడు రెండు చుట్లు ఆడి, మూడో నాడు తల ఎత్తలేకపోతే ఇంట్లోవాళ్లు దిష్టి అంటారు. రెండు రోజుల కిందటి ఆటను ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

వరుసగా రెండు రోజులు సైకిల్ తొక్కించి చేసే పరీక్ష ఒకటుంది. మామూలు మనిషి రెండో రోజూ దాదాపు అంతే తొక్కుతాడు. ఈ జబ్బున్నవాళ్లలో చాలామందికి రెండో రోజు శక్తి పడిపోతుంది. బ్రిటన్‌లో డాక్టర్లకు వైద్య సలహాలు రాసిచ్చే నైస్ సంస్థ ఈ జబ్బుకు 2007లో వ్యాయామం కొంచెం కొంచెం పెంచమని సలహా ఇచ్చింది, 2021లో దాన్ని తీసేసింది. నా చీటీలో ఉన్నది ఆ పాత సలహానే.

ఇప్పుడు బోరు లెక్క చెబుతున్నాను. మన దిక్కు ఆగి ఆగి పోసే బోర్లు అందరికీ తెలుసు. అరగంట పోయించి బంద్ చేస్తే నీళ్లు ఊరతాయి. ఆశపడి పొద్దంతా నడిపిస్తే మోటరు కాలుతుంది. కాబట్టి అలసట రాకముందే పని ఆపాలి. ఒళ్లు బాగున్న రోజు కూడా అంతే పని. ఈ రెండో మాటే ఎవరూ వినరు. బాగున్న రోజు వారం పనంతా చేసేస్తారు.

అపోహ: "బాటిల్ ఎక్కిస్తే తాకత్ వస్తది."

500 మిల్లీలీటర్ల ఐదు శాతం గ్లూకోజ్ బాటిల్‌లో ఉండేది 25 గ్రాముల చక్కెర. అంతకన్నా ఇంట్లో తాగే చాయ్‌లు నయం. సెలైన్ అయితే నాలుగున్నర గ్రాముల ఉప్పు, మిగతాది నీళ్లు. మరి కొందరికి ఒక పూట బాగెందుకు అనిపిస్తుంది? ఈ జబ్బులో చాలామందికి నిలబడితే గుండె దడ, కళ్లు తిరగడం ఉంటాయి. ఒంట్లో నీళ్లు పెరిగితే అది కాసేపు తగ్గుతుంది. అందుకే నేను పడుకోబెట్టి నాడి చూసి, పది నిమిషాలు నిలబెట్టి మళ్లీ చూస్తాను. పెద్దవాళ్లలో బీపీ పడిపోకుండా నాడి నిమిషానికి 30 లేదా అంతకు మించి పెరిగితే డాక్టర్ దగ్గరికి పంపుతాను. ఆ దడకు మందులున్నాయి. నీళ్లు, ఉప్పు ఎంత పెంచాలో బీపీ చూసి ఆయనే చెబుతారు. తెల్లారేసరికి ప్రభావం దిగిపోయే బాటిళ్లకు పైసలు తగలేయకండి.

అపోహ: "రిపోర్టులన్నీ నార్మల్, ఇదంతా మనసుదే."

దీన్ని పట్టిచ్చే రక్తపరీక్ష ఇంకా లేదు. రక్తం, థైరాయిడ్, షుగర్, బీ12, టీబీ వంటివి చూసేది వేరే కారణం తీసేయడానికి. మన జిల్లాలో ఒళ్లు పట్టేస్తే, తాగే నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ కూడా చూడాలి. కానీ ఫ్లోరోసిస్ ఎముకల మార్పు ఎక్స్‌రేలో కనిపిస్తుంది, అది పని చేసిన రెండో రోజు వచ్చి పడేది కాదు. డిప్రెషన్‌లో చాలామందికి పని మీద మనసే పోదు. మా ఆసు ఆమె పనికి పోలేక ఏడ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1969లోనే దీన్ని నరాల జబ్బుల వరుసలో చేర్చింది.

అపోహ: "జ్వరం తర్వాత నీరసమంటే ఇదే."

కాదు. డెంగీ, కోవిడ్ తర్వాత కొన్ని వారాల నీరసం మామూలే, ఎక్కువమంది తేరుకుంటారు. పెద్దవాళ్లలో ఆరు నెలలు దాటినా పని పడిపోయి ఉండటం, శ్రమ తర్వాత దెబ్బ, ఎంత నిద్రపోయినా తేటపడకపోవడం, వీటికి తోడు మతిమరుపు లేదా నిలబడలేకపోవడం ఉంటే అనుమానించాలి. కానీ పని చేసిన మర్నాడు కుప్పకూలుతుంటే ఆరు నెలలు ఆగాల్సిన పని లేదు, బోరు లెక్క అప్పుడే మొదలుపెట్టండి.

ఆమెకు పూర్తిగా తగ్గలేదు, దీన్ని మాన్పే మందు లేదు. పొద్దున పదిహేను నిమిషాలు, సాయంత్రం పదిహేను నిమిషాలు ఆసు పోస్తుంది. పొయ్యి దగ్గరికి భర్త ఒక ప్లాస్టిక్ స్టూలు తెచ్చి వేశాడు. మొదట్లో అత్త దాన్ని రోజూ బయట పెట్టేదట, కోడలు కూర్చుని వండుడేందని. ఇప్పుడు ఆ ముసలామె మోకాళ్ల నొప్పులకు తానే దాని మీద కూర్చుంటోంది, ఇంకోటి కొనాల్సి వచ్చింది.