చిగుళ్లకు లేజర్ కాంతి: అపోహలు - వాస్తవాలు

"క్లీనింగ్ వద్దు డాక్టరమ్మా, లేజర్ పెట్టేయండి చాలు" అని మొన్న కూడా ఒకాయన అడిగారు. చిగుళ్ల డాక్టరుగా నేను మళ్లీ మళ్లీ వినే మాట ఇది. నా దగ్గరికొచ్చేవాళ్లలో పళ్లు పోగొట్టేదీ ఈ నమ్మకమే.

గాయం మాన్పడానికి వాడే ఈ చిన్న మోతాదు లేజర్ కాంతి పళ్లకు పట్టిన గారను తియ్యదు. ఒక్క పలుకు కూడా తియ్యదు. చిగురు కింద వేరుకు రాయిలా పట్టిన గార అక్కడున్నంతకాలం రక్తం కారుతూనే ఉంటుంది, ఎముక తరుగుతూనే ఉంటుంది. దాన్ని స్కేలర్‌తో, మరీ లోతుగా ఉంటే చిగురు తెరిచి, గీకి తియ్యాల్సిందే. కాంతి పని ఆ తర్వాతే, గాయం మానడానికి సాయం చేయడం. ముల్లు లోపలే ఉంచి పైన మందు రాస్తే కాలు నయమవుతుందా?

కిందటేడు ఒక టీచరుగారు వచ్చారు. అప్పటికే వేరేచోట ఆరు సిట్టింగులు లేజర్ పెట్టించుకున్నారు. మొదట్లో వాపు, నొప్పి తగ్గేసరికి నయమైపోయిందనుకున్నారు. కింది ముందు పళ్ల వెనక అద్దం పెట్టి చూపించాను. చిగురు అంచున నల్లటి గార. పంటికీ చిగురుకూ మధ్య లోతు కొలిచే పుల్ల, ప్రోబ్, 7 మిల్లీమీటర్లు దిగింది. 3 దాటకూడదు. "గార తీస్తే పళ్లు కదులుతాయని మా అత్తగారు అన్నారండీ, అందుకే భయపడ్డాను" అంటూ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆవిడను తప్పుపట్టలేను. కానీ పళ్లు కదిలేది క్లీనింగ్ వల్ల కాదు. ఎముక ముందే కరిగిపోయి ఉంటుంది, గార పళ్లను కలిపి పట్టి ఉంచడం వల్ల తెలియదంతే. రెండు పళ్లు తీసేయాల్సి వచ్చింది. మిగతావి నిలబడ్డాయి.

మరి లేజర్ వట్టిదా? కాదు. 1967లో బుడాపెస్టులో ఎండ్రె మెస్టర్ అనే హంగేరీ డాక్టరు ఎలుకల మీద చిన్న మోతాదు లేజర్ వేస్తే, గొరిగిన చోట వెంట్రుకలు త్వరగా పెరిగాయి. తర్వాత గాయాల మీద పరీక్షించారు. ఎర్ర కాంతినీ ఇన్‌ఫ్రారెడ్‌నూ కణాల్లోని మైటోకాండ్రియా పీల్చుకుని శక్తి తయారీ పెంచుతాయి. అంగిలి నుంచి పొర తీసి చిగురుకు అతికించినప్పుడు, ఆ అంగిలి పుండు మానడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అక్కడ కాంతి వేస్తే చాలామందికి మంట తగ్గుతుంది, పుండు కాస్త ముందే మూసుకుంటుంది.

కాలుతుందని టెన్షన్ వద్దు. కోసే లేజర్ వాట్లలో పనిచేస్తుంది, ఇది మిల్లీవాట్లలో. ఎక్స్‌రేలాంటిదీ కాదు, కాంతి కళ్లలో పడకుండా రక్షణ కళ్లద్దాలు మాత్రం తప్పనిసరి. ఎక్కువసేపు వేస్తే ఎక్కువ మేలనుకోవద్దు, మోతాదు దాటితే మానడం నెమ్మదిస్తుంది. అందుకే ఆన్‌లైన్‌లో దొరికే ఎర్ర లైట్లను నోట్లో పెట్టుకోకండి.

రెండు వారాలైనా మానని పుండుంటే, ముఖ్యంగా గుట్కా అలవాటున్నవాళ్లకు, నేను కాంతి జోలికే వెళ్లను. క్యాన్సరేమో తేల్చుకోవడానికి ముందు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతాను.