నోవహు ఎక్కింది ఓడా, పెట్టా?

తుర్కియేలో ఇప్పుడు దినార్ అనే పట్టణం ఉన్నచోట ఒకప్పుడు అపామియా అనే గ్రీకు నగరం ఉండేది. రోమన్ చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్ కాలంలో (193–211) అక్కడ వేసిన ఒక కంచు నాణెం మీద నలుపలకల పెట్టె ఒకటి నీళ్లలో తేలుతూ ఉంటుంది. మూత తెరిచే ఉంది. లోపల ఒక మగమనిషి, ఒక ఆడమనిషి నడుం దాకా కనిపిస్తారు. ఒక పక్షి పెట్టె పైన వాలి ఉంటే, ఇంకొకటి కొమ్మ పట్టుకుని ఎగిరొస్తోంది. ఎడమవైపు అదే జంట గట్టున నిలబడి చేతులెత్తి మొక్కుతోంది. పెట్టె మీద మూడు గ్రీకు అక్షరాలు: నోయె. మన నోవహే, బైబిలు కథలో జలప్రళయం నుంచి బతికి బయటపడినవాడు!

ఈ బొమ్మలో తెరచాప లేదు, చుక్కాని లేదు. అచ్చంగా భోషాణమే. చెక్కినవాడికి ఓడ తెలియక కాదు. అతను చదివిన లేదా విన్న గ్రీకు కథలో ఉన్న మాట ‘కిబోటోస్’. అంటే మూత ఉన్న చెక్కపెట్టె.

ఇది దేవుళ్ల కోసం పుట్టిన మాట కాదు, ఇంటి సామాను పేరు. క్రీ.పూ. 422లో ఏథెన్స్‌లో ఆడిన ‘కందిరీగలు’ నాటకంలో హాస్య నాటకకర్త అరిస్టోఫనీస్ దీన్ని వాడాడు. మంచి కవుల ఆలోచనలను పండ్లతో పాటు కిబోటోస్‌లలో దాచుకోండి, ఏడాది పొడుగునా మీ బట్టలు తెలివి వాసన వేస్తాయి అని అందులో ప్రేక్షకులకు చెబుతారు. అప్పటి ఇళ్లలో పెట్టెలో బట్టలు పెట్టి, సువాసన కోసం మధ్యలో పండ్లు ఉంచేవారని ఈ ఒక్క హాస్యోక్తి వల్ల మనకు తెలుస్తోంది. నాకు ఇది ఏ నిఘంటువు అర్థం కన్నా విలువైన సాక్ష్యం.

మాట ఎక్కడ పుట్టిందన్నది మాత్రం తేలలేదు. గ్రీకు ధాతువుల్లో దీనికి మూలం దొరకదు. గ్రీకు పురాణ వీరుడు పెర్సియస్ మెడూసా అనే రాక్షసి తల వేసుకున్న సంచి పేరు ‘కిబిసిస్’కు ఇది చుట్టం కావచ్చని కొందరు, హీబ్రూ లాంటి సెమిటిక్ భాషల నుంచి వచ్చిందని కొందరు అంటారు. గ్రీకులు రాకముందు ఆ ప్రాంతంలో ఉన్నవాళ్ల మాట అనేవాళ్లూ ఉన్నారు.

ఈ మాట తలరాత మారింది క్రీ.పూ. మూడో శతాబ్దంలో, ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో. అక్కడి యూదు పండితులు హీబ్రూ ధర్మశాస్త్రాన్ని గ్రీకులోకి తెచ్చారు. హీబ్రూలో నోవహు ఎక్కినది ‘తేబా’. పది ఆజ్ఞల పలకలు దాచినది ‘ఆరోన్’. రెండింటికీ ఏ సంబంధమూ లేదు. మొదటిది 300 మూరల పొడవు, 50 మూరల వెడల్పు, 30 మూరల ఎత్తు. రెండోది పొడవు రెండున్నర మూరలే, వెడల్పూ ఎత్తూ ఒకటిన్నర. అనువాదకులు రెండింటికీ కిబోటోస్ అనే రాశారు. పసివాడు మోషేను నదిలో వదిలిన బుట్ట కూడా హీబ్రూలో తేబాయే, కానీ అక్కడ గ్రీకులో వేరే మాట వేశారు. అలా హీబ్రూ కలిపిన నోవహు, మోషేల కథలు గ్రీకులో విడిపోయాయి, హీబ్రూ విడిగా ఉంచిన రెండు పెట్టెలు ఒకటయ్యాయి.

గ్రీకుల సొంత జలప్రళయ కథలో డ్యుకేలియన్ ఎక్కినది ‘లార్నాక్స్’. అదీ పెట్టే, శవపేటికకూ అదే మాట. అనువాదకులు దాన్ని ముట్టుకోలేదు. పరాయి దేవుళ్ల కథ గుర్తుకు రాకూడదనే అలా చేసి ఉంటారని నా ఊహ.

మళ్లీ అపామియాకు వద్దాం. ఆ ఊరికే కిబోటోస్ అని ఇంకో పేరు ఉండేది. గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో దాన్ని రోమన్ల ‘ఆసియా’ రాష్ట్రంలో ఎఫెసస్ తర్వాత అంతటి వ్యాపార కేంద్రం అన్నాడు కాబట్టి, సరుకుల పెట్టెల వల్లే ఆ పేరు వచ్చిందని చాలామంది అంటారు. అక్కడ యూదులూ ఉండేవారు. వాళ్లు జెరూసలేం ఆలయానికి పంపబోయిన దాదాపు వంద పౌండ్ల బరువు బంగారాన్ని రోమన్ గవర్నర్ జప్తు చేసిన సంగతి రోమన్ వక్త సిసెరో ప్రసంగంలో ఉంది. ఊరి పేరు పెట్టె, పొరుగువాళ్ల కథలోనూ పెట్టె. రెండూ కలిసిపోయి, నోవహు ఆగిన కొండ మా ఊళ్లోనిదే అన్న నమ్మకం నాణెం ఎక్కింది.

రోమ్ భూగర్భ సమాధుల్లో తొలి క్రైస్తవులు గీసిన నోవహు కూడా ఒంటి మనిషి పట్టేంత పెట్టెలో నిలబడి చేతులెత్తి ఉంటాడు. లాటిన్ బైబిలు రెండు చోట్లా ‘ఆర్క’ అంది, ఇంగ్లిష్ ‘ఆర్క్’ అక్కడిదే. తెలుగు బైబిలు మాత్రం మూడింటికీ మూడు మాటలు వాడింది: నోవహుది ఓడ, మోషేది జమ్ము పెట్టె, ఆజ్ఞలది మందసం. మన పిల్లలు గీసే నోవహు బొమ్మలో పెట్టె ఎందుకు కనబడదో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది.

నేటి గ్రీకులో కిబోటోస్‌ను ‘కివోతోస్’ అని పలుకుతారు, ఆ మాట అంటే ముందుగా గుర్తొచ్చేవి బైబిలు వస్తువులే. దాని చిన్న రూపం ‘కివోతియో’ మాత్రం రోజువారీ పనుల్లోనే ఉండిపోయింది. కారు గేర్‌బాక్స్ పేరులో, డబ్బు దాచే ఇనప్పెట్టె పేరులో, ఓడల మీద వచ్చే కంటైనర్ పేరులో ఉన్నది అదే.