గాల్వెస్టన్ కౌంటీలో మరణ రికార్డులు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని హ్యూస్టన్ నుంచి దక్షిణంగా గంటసేపు కారులో వెళితే సముద్రం తగులుతుంది. ఆ ఒడ్డునున్నది గాల్వెస్టన్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది). అందులోని లీగ్ సిటీలో ఇప్పుడు మన తెలుగువాళ్ళ ఇళ్ళు చాలానే ఉన్నాయి. ఈ కౌంటీలో పాత, కొత్త మరణ రికార్డులు వెతికిపెట్టడం పదిహేనేళ్ళుగా నా పని. నా దగ్గరికి వచ్చేవాళ్ళు ముఖ్యంగా రెండు రకాలు. ముత్తాత 1900 తుపానులో ఏమయ్యాడో తేల్చుకోవాలనుకునే ఇక్కడివాళ్ళు ఒకరు. మొన్ననే నాన్నను పోగొట్టుకుని, ఊళ్ళో బ్యాంకుకి కాగితం పంపలేక అవస్థపడే మనవాళ్ళు ఇంకొకరు. ఇద్దరినీ దారి తప్పించే అపోహలు మాత్రం దాదాపు ఒకటే.

అపోహ: ఆయన కాపురం గాల్వెస్టన్ కౌంటీలో, కాబట్టి రికార్డూ అక్కడే ఉంటుంది.

మరణం నమోదయ్యేది ప్రాణం పోయిన చోట. ఇల్లు ఎక్కడుందన్నది లెక్కలోకి రాదు. లీగ్ సిటీలో ఉండే మనిషిని అంబులెన్సులో హ్యూస్టన్ మెడికల్ సెంటర్‌కి తీసుకెళ్ళాక అక్కడ పోతే, ఆ రికార్డు హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీది. దీనికి తిరగబడిన కథలూ ఉన్నాయి. గాల్వెస్టన్‌లో జాన్ సీలీ ఆసుపత్రి 1890లో మొదలైంది. టెక్సాస్ నలుమూలల నుంచీ రోగులు అక్కడికి వచ్చేవారు, ఇప్పటికీ వస్తున్నారు. అందుకే ఈ కౌంటీ పుస్తకాల్లో ఈ ఊరితో ఏ సంబంధమూ లేని పేర్లు బోలెడు కనిపిస్తాయి. సొంత ఊళ్ళో ఎంత వెతికినా దొరకని తాతగారు ఇక్కడ ఆసుపత్రి పుస్తకంలో దొరికిన సందర్భాలు నాకు చాలానే ఉన్నాయి.

నేను అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: ఆఖరి ఊపిరి ఎక్కడ విడిచారు? ఊరి పొలిమేరలోనా, బయటా అన్నది కూడా చెప్పాలి. నగరం లోపలి మరణాలు నగరం రిజిస్ట్రార్ దగ్గర, బయటివి కౌంటీ దగ్గర ఉండటం మామూలు. అదీ తెలియకపోతే ఆస్టిన్‌లోని రాష్ట్ర జనన మరణాల కార్యాలయానికి రాయండి.

అపోహ: 1903కి ముందు రికార్డులే లేవు.

టెక్సాస్ రాష్ట్రమంతటా జనన మరణాల నమోదు మొదలైంది 1903లో, నిజమే. అలాగని అంతకుముందు చనిపోయినవాళ్ళ జాడ ఎవరూ రాసుకోలేదని కాదు. గాల్వెస్టన్ ఓడరేవు పట్నం. ఓడలతోపాటు ఎల్లో ఫీవర్ కూడా పదేపదే దిగేది. 1867లో వచ్చినప్పుడు ఊరు ఊరంతా అల్లాడిపోయింది. అంతమందిని పూడ్చేటప్పుడు లెక్క రాసుకోక తప్పదు. అలా 1859 నుంచి 1872 దాకా నగరంలో ఖననాల పుస్తకం మనకు మిగిలింది. చర్చి పుస్తకాలు ఉన్నాయి, వీలునామాల కోర్టు ఫైళ్ళు ఉన్నాయి. 1850, 60, 70, 80 జనాభా లెక్కలప్పుడు అంతకుముందు పన్నెండు నెలల్లో పోయినవాళ్ళను విడిగా రాసిన జాబితాలూ ఉన్నాయి.

ఒక్క బాధ మాత్రం ఉంది. 1850, 1860 జాబితాల్లో బానిసలుగా ఉన్న నల్లజాతి వాళ్ళకు చాలాచోట్ల ఇంటిపేరు ఉండదు. ఒక చిన్న పేరు, పక్కన వయసు, అంతే. వాళ్ళ మనవల మనవలు వచ్చి నా ఎదురుగా కూర్చున్నప్పుడు, ఆ ఒక్క వరసను పట్టుకుని ముందుకు వెళ్ళడం ఎంత కష్టమో వాళ్ళకు దాచకుండా చెబుతాను.

అపోహ: 1900 తుపాను మృతుల పూర్తి జాబితా ఎక్కడో ఒకచోట ఉంది.

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు మా దివిసీమ గుర్తొస్తుంది. 1977 నవంబరు 19 ఉప్పెనలో మా అమ్మమ్మ తమ్ముడు కొట్టుకుపోయాడు. ఆయన పోయినట్టు రాసిన కాగితం ఒక్కటీ మా ఇంట్లో లేదు. ఆయన లేడని మాత్రం ఇంటిల్లిపాదికీ తెలుసు.

1900 సెప్టెంబరు 8న గాల్వెస్టన్ మీదికి వచ్చిందీ ఉప్పెనే. ఊరున్న దీవిలో ఎత్తైన చోటు తొమ్మిది అడుగులు కూడా లేదు, నీళ్ళు పదిహేను అడుగులు లేచాయి. జూన్ లెక్కల్లో 37,789 మంది ఉన్న ఊళ్ళో తక్కువలో తక్కువ ఆరు వేలమంది పోయారు. ఎనిమిది వేలనే అంచనా కూడా ఉంది. వందల శవాలను పడవ మీదికెక్కించి, బరువులు కట్టి సముద్రంలో వదిలారు. అలలు వాటిని తిరిగి ఒడ్డుకు తెచ్చాయి. ఇక గత్యంతరం లేక వారాల తరబడి తీరం వెంబడి చితులు పేర్చి కాల్చారు. ఆ పరిస్థితిలో ఎవరు ఎవరికి సర్టిఫికెట్ రాస్తారు?

ఉన్నది పూర్తి జాబితా కాదు, జాబితాలు. ఊరి దినపత్రిక రోజు వెంట రోజు వేసిన పేర్లు, గాల్వెస్టన్‌లోని రోసెన్‌బర్గ్ లైబ్రరీలో ఆ తర్వాత కూర్చినవి. బతికి ఉన్నవాళ్ళ పేర్లు కూడా వాటిలోకి ఎక్కాయి. జర్మన్, ఇటాలియన్ పేర్లను చెవికి వినిపించినట్టు రాసుకున్నారు. కొన్నిచోట్ల "ఫలానావారి భార్య, నలుగురు పిల్లలు" అని మాత్రమే ఉంటుంది. ఆ నలుగురి పేర్లూ కావాలంటే జూన్ జనాభా లెక్కల పుటకు వెళ్ళాలి. తుపానుకు మూడు నెలల ముందు ఆ లెక్కలు ముగియడం మనకు దక్కిన అదృష్టం. ఆ పుటలో ఇంటి నంబరు ప్రకారం తల్లి, తండ్రి, పిల్లలు, వయసులు అన్నీ వరసగా ఉంటాయి. దాన్ని తుపాను తర్వాత వచ్చిన నగర డైరెక్టరీతో (ఊళ్ళోవాళ్ళ పేర్లు, చిరునామాల పుస్తకం), 1910 లెక్కలతో కలిపి చూస్తాను. మూడింటిలోనూ మొదటిదాంట్లోనే కనిపించే కుటుంబమైతే అనుమానం బలపడుతుంది. వేరే ఊరికి తరలిపోయినవాళ్ళు కూడా చాలామందే కాబట్టి అంతటితో ముగించను.

అపోహ: సర్టిఫికెట్ మీద ఉందంటే నిజమే.

తేదీ, ఊరు, మరణ కారణం డాక్టరో అధికారో రాసినవి. తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన ఊరు మాత్రం ఎవరో నోటితో చెప్పినవి. ఆ చెప్పిన మనిషి పేరు కూడా కాగితం మీద ఉంటుంది. నేను ముందు అదే చూస్తాను. ఒకసారి 1918 నాటి కాగితం ఒకటి చేతికొచ్చింది. తండ్రి పేరు: తెలియదు. తల్లి పేరు: తెలియదు. చెప్పినవారు: ఆ మనిషి అద్దెకున్న ఇంటి యజమానురాలు. పుట్టిన ఏడు కూడా ఆవిడ అంచనాయే. కుటుంబం ఆ ఏడు పట్టుకుని రెండేళ్ళు తప్పు మనిషి వెంట పడింది.

ఇప్పటి కాగితాల్లో మనవాళ్ళకు వచ్చే చిక్కు ఇంకొకటి. పాస్‌పోర్టులో పేరంతా ఇంటిపేరు గడిలో పడి, రెండో గడి ఖాళీగా ఉంటే, అమెరికా వీసా మీద ఆ స్థానంలో "ఎఫ్ఎన్‌యూ" (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. కూతురింటికి వచ్చిన ఒక పెద్దాయన ఇక్కడే పోయారు. అంత్యక్రియలు జరిపించే ఫ్యూనరల్ హోమ్‌వాళ్ళు వీసా చూసి ఆయన పేరు "ఫ్నూ" అనే రాశారు. ఊళ్ళో బ్యాంకు ఆ కాగితం ఒప్పుకోలేదు. దిద్దించడానికి నెలలు పట్టింది. ఆ అమ్మాయి ఫోన్లో ఏడ్చిన ఏడుపు నేను మరచిపోలేదు.

టెక్సాస్ చట్టం ప్రకారం, మినహాయింపు తెచ్చుకుంటే తప్ప, మరణించిన 48 గంటల దాకా దహనం చేయకూడదు. మన ఆచారానికి అది కష్టంగానే ఉంటుంది. ఆ రెండు రోజుల్లో ఇంట్లో ఒకరు పాస్‌పోర్టు చేతపట్టుకుని, ఫ్యూనరల్ హోమ్‌లో రాసిన చిత్తు ప్రతిని అక్షరం అక్షరం పోల్చి చూడండి. భారతదేశంలో వాడే ప్రతికి రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ నుంచి అపోస్టిల్, అంటే విదేశాల్లో చెల్లేలా వేసే ధ్రువీకరణ, వేయించండి. రాష్ట్ర కార్యాలయంలో డెత్ సర్టిఫికెట్ మొదటి ప్రతి 20 డాలర్లు, దాంతోపాటు అడిగితే తక్కినవి మూడేసి డాలర్లు. ఒకేసారి ఎక్కువ తీసుకోండి.

అపోహ: మరణ రికార్డు ఎవరికైనా ఇచ్చేస్తారు.

మరణించి 25 ఏళ్ళు నిండితే ఇస్తారు. అప్పటిదాకా దగ్గరి బంధువులకో, చట్టపరమైన అవసరం చూపినవారికో మాత్రమే.

అపోహ: సోషల్ సెక్యూరిటీ మరణ సూచికలో పేరు లేదంటే మనిషి బతికే ఉన్నాడు.

ఆ సూచిక సోషల్ సెక్యూరిటీ నంబరున్న మృతుల జాబితా. రాష్ట్రాలు పంపిన వివరాలను 2011లో అందులోంచి తీసేశారు. కొత్త మరణాలు మూడేళ్ళదాకా అందరికీ కనిపించవు. అసలు సోషల్ సెక్యూరిటీ నంబరే లేని మన అమ్మానాన్నలు, అంటే విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళు, అందులో ఎప్పటికీ ఉండరు. వాళ్ళకు డెత్ సర్టిఫికెట్ మాత్రం అందరిలాగే వస్తుంది.

అపోహ: రాయి లేదంటే సమాధి లేదు.

తుపాను తర్వాత గాల్వెస్టన్‌వాళ్ళు ఊరినే మట్టి పోసి ఎత్తు పెంచారు. బ్రాడ్‌వే మీదున్న ఏడు శ్మశానాలను కూడా. అక్కడ కొన్నిచోట్ల సమాధులు మూడు పొరలుగా ఉన్నాయి. మీరు నిలబడిన గడ్డి కిందే మీవాళ్ళ రాయి ఉండవచ్చు. చూడాల్సింది ఖననాల పుస్తకం.

అపోహ: శవం దొరక్కపోతే ఏ కాగితమూ రాదు.

ఇక్కడా మన దగ్గరలాగే ఏడేళ్ళు జాడ లేని మనిషిని మరణించినట్టు భావిస్తారు. పెద్ద విపత్తులో పోయారని ప్రమాణపూర్వకంగా చెప్పేవాళ్ళుంటే అన్నాళ్ళు ఆగక్కర్లేకుండా, శవం లేకపోయినా సర్టిఫికెట్ ఇచ్చే వీలు టెక్సాస్ చట్టంలో ఉంది.

ఇదే కౌంటీలో టెక్సాస్ సిటీ ఉంది. 1947 ఏప్రిల్ 16న అక్కడి రేవులో అమ్మోనియం నైట్రేట్ ఎరువు నింపిన గ్రాండ్‌క్యాంప్ అనే ఓడ పేలిపోయింది. లెక్కకెక్కిన మృతులు 581. అందులో 405 మందిని గుర్తుపట్టారు, 63 మందిని గుర్తుపట్టలేకపోయారు, 113 మంది ఆనవాలు కూడా దొరకలేదు. మీరు వెతికే మనిషి ఈ మూడు అంకెల్లో ఏదాంట్లో ఉన్నాడన్నదాన్ని బట్టి వెతకాల్సిన చోటు మారుతుంది. మొదటివాళ్ళకు సర్టిఫికెట్ చూడండి. మూడోవాళ్ళకు కోర్టు ఫైళ్ళు, నష్టపరిహారం దావాలు చూడండి. ఆ 63 మందీ ఊళ్ళోని స్మారక వనంలో ఒకేచోట ఉన్నారు. పేరు దొరకని కుటుంబాలను నేను అక్కడికే తీసుకెళతాను, పూలు పెట్టుకోవడానికి.