తేట నీళ్ళన్నీ మంచినీళ్ళు కావు: ఊరి కుళాయిపై అపోహలు, వాస్తవాలు

గ్రామాల మంచినీటి పథకాలు చూసే ఇంజనీరుని. ఏ ఊరు వెళ్ళినా కొన్ని మాటలు తప్పకుండా వినబడతాయి. వాటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: "కుళాయి నీళ్ళు మందు వాసన కొడుతున్నాయి, తాగితే జబ్బు చేస్తుంది."

వాస్తవం: ఆ కొద్దిపాటి వాసన క్రిములను చంపే క్లోరిన్‌ది, అదే మీ నీళ్ళకు కాపలా. ట్యాంకులో ఉన్న క్రిములు చచ్చినా, దారిలో పైపుల్లోకి కొత్తవి చేరవచ్చు. అందుకే చివరి ఇంటి కుళాయి దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. నేను ముందు వెళ్ళేది ఆ చివరి ఇంటికే. చిన్న గొట్టంలో నీళ్ళు పట్టి పరీక్ష మందు చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉంటే పసుపు రంగు తేలాలి. ఒక ఊళ్ళో ఎంతసేపు చూసినా రంగు మారలేదు. "పొద్దున్నే పౌడరు కలిపాను సార్" అన్నాడు వాటర్‌మ్యాన్. అతను అబద్ధం చెప్పలేదు. బ్లీచింగ్ బస్తా మూతి విప్పి నెలల తరబడి అలాగే వదిలేశారు. చెమ్మకు పౌడరు గడ్డకట్టింది, అందులో క్లోరిన్ దాదాపు మిగల్లేదు.

పౌడర్లో 25 శాతం క్లోరిన్ ఉంటే, 60,000 లీటర్ల ట్యాంకుకు 240 గ్రాములు వేస్తే లీటరుకు 1 మిల్లీగ్రాము పడుతుంది. పౌడరు పాతబడితే ఈ లెక్క పనికిరాదు. పౌడరును నేరుగా ట్యాంకులో కుమ్మరించకూడదు. బకెట్ నీళ్ళలో కలిపి, అందులోని సున్నం అడుక్కి దిగాక పైన తేరిన నీళ్ళు మాత్రమే పోయాలి. అరగంట ఆగాకే ఊరికి వదలాలి.

అపోహ: "మా కుళాయికి మోటారు బిగించుకుంటే ఎవరికేం నష్టం?"

వాస్తవం: పక్కింటికి నీళ్ళు తగ్గుతాయని అందరికీ తెలుసు. అసలు ప్రమాదం వేరే ఉంది. చాలా ఊళ్ళలో పైపు మురుగు కాల్వను ఆనుకునే పోతుంది. జాయింటు దగ్గర సన్నని పగులుంటే, నీళ్ళు ఒత్తిడితో వస్తున్నప్పుడు అవి బయటికి కారతాయి. మోటారు పీల్చేటప్పుడు మాత్రం కాల్వ నీళ్ళే లోపలికి వస్తాయి. ఆ మురుగు మోటారు పెట్టిన ఇంటి బిందెలోకీ చేరుతుంది. విరేచనాలతో పిల్లలు మంచం పట్టాక పగులు వెతుక్కుంటూ రోడ్డు తవ్వడం నాకు చాలా బాధగా ఉంటుంది. దయచేసి ఆ మోటార్లు తీసేయండి.

అపోహ: "కాచి చల్లార్చితే అన్నీ పోతాయి."

వాస్తవం: క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరయ్యేకొద్దీ మిగిలిన నీళ్ళలో దాని మోతాదు ఇంకా పెరుగుతుంది. ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగిపోయే జబ్బును అప్పటి నెల్లూరు జిల్లాలో 1937లోనే గుర్తించారు. నల్గొండ జిల్లా పడిన బాధ చెప్పనక్కర్లేదు. నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు. రంగు, రుచి, వాసన చూసి ఇది కనిపెట్టలేం. పరీక్ష చేయాల్సిందే.

అపోహ: "నీళ్ళ సంగతి పైవాళ్ళు చూస్తారు, పంచాయతీకేం పని?"

వాస్తవం: రాజ్యాంగ 73వ సవరణతో వచ్చిన 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగ్గవంటూ 29 అంశాలున్నాయి. తాగునీరు వాటిలో ఒకటి. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ఊరికి కనీసం ఐదుగురు మహిళలకు నీటి పరీక్షలో శిక్షణ ఇవ్వాలి. మీ ఊళ్ళో వాళ్ళెవరో గ్రామసభలో అడగండి. నీటి పరీక్ష కిట్ తెరిపించి, మీ వీధి చివరి కుళాయి నుంచే మొదలుపెట్టమనండి.